గొట్టంలో రంగు మారితే... ఒంట్లో ఏం మారుతుంది?

‘యాంటీఆక్సిడెంట్ పవర్ పది రెట్లు!’ ఇన్‌స్టా తెరిస్తే చాలు, ఇలాంటి ప్యాకెట్ ఏదో ఒకటి ఎదురవుతుంది. మునగాకు పొడి, ఉసిరి క్యాప్సూల్, బ్లాక్ రైస్, గ్రీన్ టీ... ఒక్కోదాని మీద ఒక్కో నంబరు. ఆ నంబరు అబద్ధం కాకపోవచ్చు. కానీ అది ఎక్కడ, ఎలా పుట్టిందో తెలిస్తే మీరు దాన్ని చూసే తీరే మారిపోతుంది. ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీలో నా ప్రాజెక్టు ఇలాంటి నంబర్లు తీయడమే. రండి, ఓసారి ల్యాబ్‌లోకి వెళ్లొద్దాం.

ఊదా పోతే మార్కులు

జతలేని ఎలక్ట్రాన్‌తో తిరుగుతూ పక్కవాటిని దెబ్బతీసే అణువులే ఫ్రీ రాడికల్స్. వాటికి ఎలక్ట్రానో, హైడ్రోజనో ఇచ్చి శాంతింపజేసేవి యాంటీఆక్సిడెంట్లు. ఈ ‘ఇచ్చే గుణం’ ఎంతుందో కొలవడమే పరీక్ష.

నేను ఎక్కువగా చేసింది డీపీపీహెచ్ పరీక్ష. 1958లో బ్లోయిస్ అనే శాస్త్రవేత్త చూపించిన దారి ఇది. డీపీపీహెచ్ కూడా ఫ్రీ రాడికలే, కాకపోతే పొడి రూపంలో సీసాలో నిలవ ఉంటుంది. మెథనాల్‌లో కలిపితే నేరేడు రసంలా ముదురు ఊదా రంగు. మునగాకును ఎండబెట్టి, పొడి కొట్టి, మెథనాల్‌లో నానబెట్టి, వడగట్టిన రసాన్ని ఇందులో కొద్దికొద్దిగా కలిపేదాన్ని. అరగంట చీకట్లో ఉంచితే ఊదా కాస్తా లేత పసుపైపోయేది. రంగు ఎంత తగ్గిందో స్పెక్ట్రోఫోటోమీటర్ 517 నానోమీటర్ల దగ్గర కొలిచి చెబుతుంది. ఆ రాడికల్స్‌లో సగాన్ని అణచడానికి ఎంత రసం కావాలో లెక్కగడితే అదే ‘ఐసీ50’. గమ్మత్తేంటంటే, ఇందులో నంబరు తగ్గేకొద్దీ శక్తి ఎక్కువ!

చూడ్డానికి మ్యాజిక్కే. కానీ డీపీపీహెచ్ మన ఒంట్లో ఎక్కడా ఉండదు. మునగాకును మనం పప్పులో వేసుకుంటాం గానీ మెథనాల్‌లో నానబెట్టుకుని తాగం కదా!

తలో పరీక్ష, తలో ర్యాంకు

ఇంకో పరీక్ష పేరు ఫ్రాప్. 1996లో బెంజీ, స్ట్రెయిన్ అనే ఇద్దరు దీన్ని ప్రకటించారు. ఇందులో ఫ్రీ రాడికలే ఉండదు. ఇనుముకు ఎలక్ట్రాన్ అందితే ద్రావణం నీలంగా మారుతుంది. ఆ నీలాన్ని 593 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. పుల్లటి ద్రావణంలో, పీహెచ్ 3.6 దగ్గర చేస్తారు. మన రక్తం పీహెచ్ చూస్తే 7.4. మన కణాలు సొంతంగా తయారుచేసుకునే ముఖ్యమైన యాంటీఆక్సిడెంట్ గ్లూటాథయోన్‌కి ఈ పరీక్షలో మార్కులు దాదాపు రావు. క్లాసు ఫస్ట్ వచ్చే పిల్లాడికి పేపరే అర్థం కానట్టన్నమాట!

మూడోది ఒరాక్. 37 డిగ్రీల వెచ్చదనంలో, మెరిసే ఫ్లోరెసీన్ అనే రంగుపదార్థం మీదకు రాడికల్స్‌ని వదులుతారు. ఆ మెరుపు ఎంతసేపు నిలబడితే అంత గొప్ప. ఫలితాన్ని ట్రోలాక్స్ అనే, విటమిన్ ఇ లాంటి పదార్థంతో పోల్చి చెబుతారు.

రసాయనం వేరు, కొలిచే తీరు వేరు. అందుకే ఒక పరీక్షలో ముందున్న ఆకు ఇంకోదాంట్లో వెనకబడొచ్చు. ఒక పరీక్ష నంబరును ఇంకో పరీక్ష నంబరుతో పోల్చడమంటే కిలోలను కిలోమీటర్లతో పోల్చడమే.

జాబితానే తీసేశారు!

అమెరికా వ్యవసాయ శాఖ 2010లో 326 ఆహార పదార్థాల ఒరాక్ విలువలతో జాబితా ఇచ్చింది. కంపెనీలు ఆ నంబర్లు పట్టుకుని ప్రకటనలు దంచేశాయి. 2012లో ఆ శాఖే జాబితాను వెబ్‌సైట్ నుంచి తీసేసింది. ఈ విలువలు ఒంట్లో జరిగేదాన్ని చెప్పవనీ, కంపెనీలూ జనమూ వీటిని తప్పుగా వాడుతున్నారనీ కారణం చెప్పింది. ఇది జరిగి ఇన్నేళ్లయినా ‘ఒరాక్ స్కోరు’ ఇంకా అమ్ముడుపోతూనే ఉంది.

కడుపులోకి వెళ్లాక

మొక్కల్లోని పాలీఫినాల్స్‌లో చాలావరకు పేగుల్లోంచి రక్తంలోకి కొద్దిగానే చేరతాయి. చేరేలోపు వాటి రూపమూ మారిపోతుంది. 2004లో అమెరికాలో ఓ అధ్యయనం జరిగింది. యాపిల్స్ తిన్నవాళ్ల రక్తంలో యాంటీఆక్సిడెంట్ శక్తి పెరిగింది. తీరా వెతికితే అది యాపిల్ ఫ్లేవనాయిడ్ల పుణ్యం కాదు. పండులోని ఫ్రక్టోజ్ చక్కెర వల్ల యూరిక్ యాసిడ్ పెరిగింది, దాన్నే పరీక్ష ‘శక్తి’గా లెక్కేసింది.

మా బాబాయి రోజూ సిగరెట్లు కాలుస్తాడు. పక్కనే బీటా కెరోటిన్ మాత్రల డబ్బా. ‘ఇది వేస్తే ఊపిరితిత్తులకు ఏం కాదులే తల్లీ’ అంటాడు. ఫిన్‌లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్లపై చేసిన అధ్యయనం 1994లో బయటికొచ్చింది. రోజూ 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గలేదు సరికదా, 18 శాతం ఎక్కువగా వచ్చింది! ఆ పేజీ ఫోన్లో తీసి బాబాయికి చూపించాను. మాత్రలు ఆపాడు. సిగరెట్ మీద యుద్ధం ఇంకా నడుస్తోంది.

ప్యాకెట్‌ని ఇలా అడగండి

• ఏ పరీక్ష? పేరు లేకుండా ‘పది రెట్లు’ అంటే దేనికంటే పది రెట్లు?

• వంద గ్రాముల పచ్చిదా, పొడిదా? తాజా ఉసిరికాయలో నూటికి ఎనభై పాళ్లకు పైగా నీరే. ఆరబెడితే అదే కాయ నంబరు అమాంతం లేస్తుంది.

• నేను తినేది ఎంత? లవంగాలు జాబితాలో పైనుండొచ్చు. వంద గ్రాముల లవంగాలు ఎవరు తింటారు?

• మనుషుల మీద ప్రయోగం జరిగిందా, గొట్టంలోనేనా?

నంబరే కావాలంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో తెచ్చిన ఆహార పట్టికలు చూడండి. అందులో 528 రకాల ఆహారాల్లో ఏ పోషకం ఎంతుందో వివరంగా ఉంటుంది.

ల్యాబ్ పరీక్షలు దండగ అనడం లేదు. ఏ రకం ఉసిరి మంచిది, ఎండబెడితే ఎంత పోతుంది, నిలవ ఉంచితే ఏమవుతుంది... ఇలాంటివి పోల్చడానికి అవి బంగారం. మునగాకు పప్పు, ఉసిరి పచ్చడి హాయిగా తినండి. నంబరు చూసి మాత్రం డబ్బులు పోసి డబ్బా కొనకండి. పొగమానకుండా మాత్ర అసలే మింగకండి.