సన్న బల్ల, గట్టి బూట్లు

ఎస్. రాయవరం మండలంలో చలి ఎంత ముదిరినా నీళ్లు గడ్డకట్టవు. సంక్రాంతి ముందు రోజుల్లో అడ్డరోడ్డు దగ్గర హైవే మీద పొగమంచు కమ్ముకుంటుంది, ఎండెక్కేసరికి తేలిపోతుంది. గురజాడ పుట్టిన ఊరు, ఏటికొప్పాక బొమ్మలు, రేవుపోలవరం సముద్రం అంటే మా ప్రాంతం గుర్తుకొస్తుంది గానీ మంచు ఆటలు గుర్తుకురావు. అయినా ఆల్పైన్ కార్వింగ్ అనే మంచు ఆట మీద నాకు ఇంత ఆసక్తి కలగడానికి కారణం ఏటికొప్పాకే. కొద్దిమంది చేతుల్లో పుట్టే వస్తువును కొద్దిమంది అభిమానులు ఎలా బతికించుకుంటారో ఇక్కడ కళ్లారా చూసినవాళ్లకు ఆ ఆట కథ ఇట్టే ఎక్కుతుంది.

స్నోబోర్డు అంటే రెండు కాళ్లూ ఒకే బల్లకు బిగించుకుని మంచు వాలు మీద జారే ఆట. టీవీలో మనం చూసేది ఎక్కువగా గాల్లోకి ఎగిరి గింగిరాలు తిరిగే రకం. కార్వింగ్ అలా కాకుండా నేలను వదలకుండా ఆడేది. రాత్రి యంత్రంతో చదును చేసి, సన్నటి చారలు దిద్దిన గట్టి మంచు మీద, పొద్దున్నే మొదటి లిఫ్టు ఎక్కి పైకి వెళ్తారు. బల్లను పక్కకు ఒరిగించి దాని ఉక్కు అంచు మీద మలుపు తీస్తారు. సరిగ్గా తీస్తే మంచు మీద పెన్సిల్‌తో గీసినంత సన్నని గీత పడుతుంది. బల్ల ముందుభాగం వెళ్లిన దారిలోనే వెనకభాగమూ వెళ్లిందనడానికి అదే రుజువు. మామూలు స్నోబోర్డరు మలుపులో బల్ల వెనకభాగం కాస్త పక్కకు జారి మంచును గీకేస్తుంది, వేగం చస్తుంది, వెడల్పాటి గీకుడు గుర్తు మిగులుతుంది. అందుకే కార్వింగ్ పిచ్చి ఉన్నవాళ్లు లిఫ్టులో పైకి వెళ్తూ కిందకు తొంగిచూసి, తాము గీసిన గీత ఎక్కడ చెదిరిందో వెతుక్కుంటారు.

ఈ గీత ఎలా పడుతుందో తెలిస్తే సామాను సంగతి దానంతటదే అర్థమవుతుంది. స్నోబోర్డును పైనుంచి చూస్తే రెండు కొసలూ వెడల్పుగా, నడుము సన్నగా ఉంటుంది. అంటే అంచు ఒక పెద్ద వృత్తంలో చిన్న ముక్క. దీన్ని సైడ్‌కట్ అంటారు. బల్లను ఒరిగించి బరువు వేసినప్పుడు, గాల్లో ఉన్న నడుము మంచును తాకేదాకా బల్ల వంగుతుంది, అంచు మొత్తం విల్లులా మంచులో దిగుతుంది. ఎంత ఎక్కువ ఒరిగితే అంత ఎక్కువ వంగుతుంది, మలుపు అంత బిగుసుకుంటుంది. సైడ్‌కట్ వ్యాసార్థం 12 మీటర్లున్న బల్లను 60 డిగ్రీలు ఒరిగిస్తే, లెక్క ప్రకారం అది తిరిగే వృత్తం వ్యాసార్థం సుమారు 6 మీటర్లకు దిగుతుంది. గంటకు 36 కిలోమీటర్ల వేగంతో ఆ మలుపు తిరిగితే కాళ్ల మీద పడే భారం మనిషి బరువుకు దాదాపు రెట్టింపు. 70 కిలోల మనిషి ఒక్క క్షణం 140 కిలోలు మోస్తున్నట్టు. ఘాట్ రోడ్డు మలుపులో మోటార్‌సైకిల్ మీద ఒరిగి వెళ్లినప్పుడు సీటుకు అదిమిపెట్టినట్టు అనిపిస్తుందే, ఆ అదుముడే ఇది. కాకపోతే ఇక్కడ మోకాలే కాదు, నడుమూ మోచెయ్యీ కూడా నేలకు దగ్గరవుతాయి.

మామూలు స్నోబోర్డు నడుము దగ్గర సుమారు 25 సెంటీమీటర్ల వెడల్పు ఉంటుంది. కార్వింగ్ బల్ల 18 నుంచి 22 దాకా. సన్నగా ఉంటే ఒక అంచు నుంచి ఇంకో అంచుకు చప్పున మారవచ్చు. మరి 30 సెంటీమీటర్ల బూటును 20 సెంటీమీటర్ల బల్ల మీద అడ్డంగా పెడితే? వేళ్లూ మడమా రెండు పక్కలా బయటికొస్తాయి. బల్లను బాగా ఒరిగించగానే బూటు మంచును తాకి అంచును పైకి లేపేస్తుంది, మనిషి పడిపోతాడు. అందుకని పాదాలను 50 నుంచి 65 డిగ్రీల దాకా ముందుకు తిప్పి బిగిస్తారు. దాంతో ఒంటి వాలకమే మారిపోతుంది. మామూలు స్నోబోర్డరు పక్కవాటుగా నిలబడితే, కార్వింగ్ చేసేవాడు దాదాపు ఎదురుగా చూస్తూ దిగుతాడు. పాదాలు అలా తిరిగాక బల్లను ఒరిగించే పని ఒక్క చీలమండల వల్ల కాదు. పిక్క, మోకాలు, తుంటి అన్నీ కలిసి చెయ్యాలి. ఆ బలం నష్టపోకుండా బల్లకు చేరాలంటే మెత్తటి బూటు పనికిరాదు. గట్టి ప్లాస్టిక్ పెంకుతో స్కీ బూటును పోలిన హార్డ్ బూటు కావాలి, దాన్ని లోహపు ప్లేటు బైండింగ్‌కు కమ్మీతో బిగించాలి. ముందు కాలి వేళ్ల కిందా, వెనక కాలి మడమ కిందా చిన్న ఎత్తు పెట్టుకుంటారు. ఎవరి మోకాళ్లకు తగ్గట్టు వాళ్లు ఒక్కో డిగ్రీ మార్చుకుంటూ, ఒక స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని కొండెక్కుతారు. ఈ సవరణకు అంతుండదు. నా దృష్టిలో ఈ ఆటలోని ఆనందం సగం అందులోనే ఉంది.

స్నోబోర్డు పుట్టుక చాలా సాదాగా జరిగింది. 1965 క్రిస్మస్ రోజున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం, మస్కీగన్‌లో షెర్మన్ పాపెన్ అనే ఇంజినీరు తన కూతుళ్ల ఆట కోసం రెండు స్కీలను పక్కపక్కన కలిపి బిగించాడు. స్నర్ఫర్ పేరుతో అది బొమ్మల దుకాణాలకెక్కింది. 1970లలో జేక్ బర్టన్, టామ్ సిమ్స్ లాంటివాళ్లు దాన్ని క్రీడగా మలిచారు. 1980లలో ఫ్రాన్స్‌కు చెందిన సెర్జ్ విటెల్లి మంచు మీద ఒళ్లు పరిచేసి మలుపు తిరిగేవాడు. ఆ మలుపుకు ఇప్పటికీ ఆయన పేరే. 1998 నగానో ఒలింపిక్స్‌లో స్నోబోర్డు మొదటిసారి అడుగుపెట్టినప్పుడు జెయింట్ స్లాలం పందెం ఉంది, అందులో కెనడా ఆటగాడు రాస్ రెబగ్లియాటీ గెలిచాడు. 2002 నుంచి ఇద్దరు పక్కపక్కన పోటీపడి దిగే పారలల్ జెయింట్ స్లాలం వచ్చింది.

అప్పటికే గాలి ఇంకోవైపు తిరిగింది. స్కేట్‌బోర్డు తొక్కి పెరిగిన కుర్రకారుకు ఎగరడం కావాలి, మెత్తటి బూట్లు కావాలి. హార్డ్ బూట్లలో మెట్లెక్కడమే కష్టం. అద్దె దుకాణాల్లోంచి సన్న బల్లలు మాయమయ్యాయి, పెద్ద కంపెనీలు ఒక్కొక్కటిగా తప్పుకున్నాయి.

ఆట చచ్చిపోవాల్సింది. చిన్న చిన్న షెడ్లు దాన్ని కాచుకున్నాయి. కెనడాలో కాయిలర్, కొలరాడోలో డోనెక్, స్విట్జర్లాండ్‌లో కెస్లర్, ఆస్ట్రియాలో ఒకప్పటి ఒలింపిక్ పతక విజేత జిగీ గ్రాబ్నర్ పెట్టిన ఎస్‌జీ. వీటిలో కొన్ని దాదాపు ఒంటరి మనిషి పనిశాలలు. బల్ల కావాలని అడిగితే ముందు నీ బరువెంత, పాదం పొడవెంత, ఏ కొండ మీద జారుతావు, అక్కడి మంచు గట్టిదా మెత్తదా అని అడుగుతారు. దాన్నిబట్టి బల్ల లోపలి చెక్క మందం, నడుము వెడల్పు, వంపు నిర్ణయిస్తారు. చెక్క చుట్టూ గాజునార పొరలు, వాటితో పాటు టైటనాల్ అనే అల్యూమినియం మిశ్రలోహపు రేకు వేసి జిగురుతో, వేడితో అచ్చులో నొక్కుతారు. గట్టి మంచు మీద బల్ల కంపించకుండా ఆ రేకు అణిచిపెడుతుంది.

ఇలాంటి చేతిపనే మా దగ్గరా ఉంది. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో అంకుడు కర్రను లేతు మీద తిప్పుతూ లక్కకడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో అదిమితే మెరుపొస్తుంది. ఎంత ఆనించాలో, ఎప్పుడు తీయాలో చెయ్యి చెబుతుంది. ప్లాస్టిక్ బొమ్మలూ రసాయన రంగులూ ముంచెత్తిన కాలంలో సి.వి. రాజు లాంటివాళ్లు చెట్ల రంగులను పట్టుబట్టి తిరిగి తెచ్చారు. 2017లో ఈ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు, 2023లో ఆయనకు పద్మశ్రీ వచ్చాయి. ఏ వస్తువైనా బజారు వదిలేశాక నిలబడాలంటే తయారుచేసేవాడూ వాడేవాడూ ఒకరినొకరు ఎరిగి ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను. కార్వింగ్ లోకంలో ఆ ఎరుక చాలా దగ్గరిది. ఏటా కొండల దగ్గర కలుసుకుంటారు, తయారీదార్లు కొత్త బల్లలు తెస్తారు, ఒకరి బల్ల ఇంకొకరు తొక్కి చూస్తారు. కాళ్ల సైజు సరిపోతే బూట్లు కూడా మార్చుకుంటారు. స్విట్జర్లాండ్‌లోని జినాల్‌లో జాక్ రిలియే, పత్రీస్ ఫివా అనే ఇద్దరు మిత్రులు ప్రతి మలుపులోనూ ఒళ్లంతా మంచుకు ఆనించే ఎక్స్‌ట్రీమ్ కార్వింగ్‌ను సాధన చేసి, దానికి తగ్గ బల్లను కూడా తయారు చేయించారు.

2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్ ఈ చిన్న లోకాన్ని అందరికీ చూపించింది. చెక్ అమ్మాయి ఎస్తెర్ లెడెట్స్కా ముందు స్కీ సూపర్-జీ పందెంలో సెకనులో నూరోవంతు తేడాతో గెలిచింది. వారం తిరిగేసరికి సన్న బల్ల మీద పారలల్ జెయింట్ స్లాలం కూడా గెలిచి, ఒకే శీతాకాల ఒలింపిక్స్‌లో రెండు వేర్వేరు క్రీడల్లో స్వర్ణాలు తెచ్చుకున్న తొలి మహిళ అయింది. అదే ఒలింపిక్స్‌లో కొరియా కుర్రాడు లీ సాంగ్-హో రజతం గెలిచి, తన దేశానికి మంచు వాలు మీద తొలి పతకం తెచ్చాడు. చిన్నప్పుడు క్యాబేజీ తోటను మార్చి చేసిన జారుడు వాలు మీద అతను నేర్చుకున్నాడు. అందుకే వాళ్ల దేశంలో అతన్ని ముద్దుగా క్యాబేజీ కుర్రాడంటారు. రైతు చేలోంచి ఒలింపిక్ పతకం దాకా వచ్చిన ఆ దారి నాకు ఎంతో ఇష్టం.

మన దేశంలో స్నోబోర్డు పందేలు గుల్మార్గ్‌లో 2020 నుంచి ఖేలో ఇండియా శీతాకాల క్రీడల్లో జరుగుతున్నాయి. అయితే గుల్మార్గ్ పొడిమంచుకు పేరు. గట్టిగా చదును చేసిన పొడవాటి వాలే కార్వింగ్‌కు కావలసింది. అమెరికాలో డెన్వర్, సియాటిల్ వైపు ఉండే మన పిల్లలకు అలాంటి వాలు కారులో గంటా రెండు గంటల దూరమే. సరదా పుట్టినవాళ్లు వెంటనే సామాను కొనెయ్యక్కర్లేదు. మామూలు బల్ల మీదే, తక్కువ వాలు మీద, వెనకభాగం జారకుండా గీత పడేదాకా నేర్చుకోవాలి. తర్వాత మొదట కొనాల్సింది బూట్లు, అవీ పాదానికి బిగుతుగా పట్టేవి. బల్ల పాతదైనా ఫర్వాలేదు. ఈ గుంపులో వాడిన బల్లలు చేతులు మారుతూనే ఉంటాయి, కొత్తవాడు కనిపిస్తే పెద్దవాళ్లు వదిలిపెట్టకుండా నేర్పుతారు. ఒక్క జాగ్రత్త మాత్రం మొదటి రోజు నుంచీ అలవాటు చేసుకోవాలి. కార్వింగ్ మలుపు వాలు ఈ చివర నుంచి ఆ చివరకు పోతుంది, ఒక్కోసారి తిరిగి పైకే మళ్లుతుంది. వెనక వచ్చేవాళ్లు దాన్ని ఊహించరు. ముందున్నవాడిదే దారి అన్నది మంచు వాలు నియమమే అయినా, అంచు దించేముందు తల తిప్పి పైవైపు చూసి, ఖాళీ అయ్యాకే బయల్దేరాలి.