చీకటి మబ్బులో మంచు నలుసు

కొత్తగూడెంలో బొగ్గు లారీలు తిరిగే దారి పక్కన ఏ ఆకు మీద వేలు రాసినా నల్లటి పొడి అంటుతుంది. 1871లో భూగర్భ శాస్త్రజ్ఞుడు విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ పట్టినప్పటి నుంచి ఈ నేలకు అలవాటైన పొడి. పాతిక కోట్ల ఏళ్లకు పైబడిన అడవులే నేలలో పడి ఇలా నల్లబడ్డాయి. అందుకే సేంద్రియం అనగానే మనకు చెట్టే గుర్తొస్తుంది. కానీ చెట్టూ పుట్టా ఏమీ లేని చోట కూడా సేంద్రియ అణువులు పుడుతున్నాయి.

వృషభ రాశి దిక్కున, సుమారు 450 కాంతి సంవత్సరాల దూరంలో, టీఎంసీ-1 అనే చీకటి మబ్బు ఉంది. అక్కడి చలి మైనస్ 263 డిగ్రీలు. ఘన సెంటీమీటరు చోటులో ఉండేవి వేల అణువులే. మన గాలిలో అంతే చోటులో రెండున్నర లక్షల కోట్ల కోట్లు ఉంటాయి. ఆ శూన్యంలో రెండు పరమాణువులు ఎదురుపడినా, కలిసేటప్పుడు పుట్టే వేడిని అందుకునేవారు లేక మళ్లీ విడిపోతాయి. ఆ వేడిని అందుకునేది ధూళి నలుసు. మిల్లీమీటరులో పదివేలో వంతు ఉండే ఆ నలుసు మీద హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసి నీళ్లవుతాయి, అవుతూనే మంచుగా పేరుకుంటాయి. దాని మీద కార్బన్ మోనాక్సైడ్ గడ్డకడుతుంది.

అసలు విశేషం ఇక్కడుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు ఒకటొకటిగా నాలుగు హైడ్రోజన్ పరమాణువులు చేరితే మిథనాల్ అనే సేంద్రియ అణువు అవుతుంది. కానీ మొదటి మెట్టు దగ్గర, మూడో మెట్టు దగ్గర అడ్డుగోడ ఉంది. ఎక్కి దాటేంత వేడి ఆ చలిలో లేదు. హైడ్రోజన్ గోడ ఎక్కదు, గోడలోంచే అవతలికి పోతుంది. శాస్త్రజ్ఞులు దీన్ని క్వాంటం టన్నెలింగ్ అంటారు. టన్నెల్ అంటే సొరంగం. సొరంగాల్లో దిగి బొగ్గు తీసిన ఊరికి ఆ మాట దగ్గరిదే, కాకపోతే ఇక్కడ తవ్వకమే లేదు! 2002లో జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయంలో నవోకి వతనబే, అకిరా కౌచి అంతటి చలిలోనే మంచు మీద హైడ్రోజన్ పరమాణువులను చల్లి, మిథనాల్ పుట్టడం చూపించారు.

దగ్గర్లో నక్షత్రం పుట్టి కొంచెం వెచ్చబడితే, మంచులో ఇరుక్కున్న అణువుల ముక్కలు కదిలి ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఇంకా వేడెక్కితే మంచు ఆవిరై, అవన్నీ బయటపడతాయి. 2012లో చిలీలోని ఆల్మా రేడియో టెలిస్కోపు సూర్యుడి లాంటి ఒక పసి నక్షత్రం చుట్టూ గ్లైకోలాల్డిహైడ్ అనే అతి చిన్న చక్కెర జాడను పట్టింది.

2024లో టీఎంసీ-1 వార్తల్లోకొచ్చింది. అక్కడ దొరికింది సయనోపైరీన్. దాని మూలమైన పైరీన్ పదహారు కార్బన్లు నాలుగు వలయాలుగా అల్లుకున్న అణువు, మన బొగ్గు తారులో ఉండేదే. అంత పెద్ద అణువు ఆ చలిలోనే పుట్టిందో, వేరే చోట పుట్టి ఆ మబ్బును చేరిందో పరిశోధకులు ఇంకా తేల్చుకుంటున్నారు.