గాలి డేరా ఎంత మోస్తుంది?

పోయిన చలికాలం అనంతగిరి గుట్టలకి క్యాంపింగ్‌కి వెళ్లాం. మా సీనియర్ ఒక గాలి డేరా తెచ్చాడు. కడ్డీల బదులు దాంట్లో గాలి నింపే గొట్టాలుంటాయి. మధ్యాహ్నం పంపు కొట్టి, తట్టి చూసి "రాయిలా ఉంది రా" అనుకున్నాం. తెల్లారేసరికి పైకప్పు చేతికందేంత కిందికి దిగింది. పంక్చర్ లేదు, ఎక్కడా లీక్ లేదు.

తప్పు మాదే. 30 డిగ్రీల ఎండలో 0.5 బార్ కొట్టిన గొట్టం, రాత్రి 10 డిగ్రీలకి 0.4 బార్‌కి వస్తుంది. ఇంటర్‌లో చదివిన గ్యాస్ లా అంతే. ఐదో వంతు బలం నిద్రలోనే పోయింది, పైగా పొగమంచుకి గుడ్డ తడిసి సాగింది.

అసలు గాలికి బలమేంటి? లోపలి పీడనం గుడ్డని ఎప్పుడూ లాగి పట్టుకుంటుంది. గొట్టాన్ని వంచితే ఒక పక్క ఆ బిగువు తగ్గుతుంది. అది సున్నా అయిన చోట ముడత వస్తుంది. ముడత తెచ్చే మూమెంట్ పీడనంతో మామూలుగా, వ్యాసార్థం ఘనంతో పెరుగుతుంది. అంటే పీడనం రెట్టింపు చేస్తే బలం 2 రెట్లు, లావు రెట్టింపు చేస్తే 8 రెట్లు! 10 సెంటీమీటర్ల లావు గొట్టాన్ని 0.5 బార్‌తో నింపి, ఒక కొస గట్టిగా బిగించి, మీటరు దూరాన 1 కిలో వేలాడదీస్తే ముడత మొదలవుతుంది. అంతే దాని సత్తా. కాకపోతే కడ్డీ విరిగితే విరిగినట్టే, గొట్టం మాత్రం గాలి తగ్గగానే మళ్లీ లేచి నిలబడుతుంది. నాకు నచ్చింది అదే.

లావు గొట్టం కొంటే సరిపోతుందా అంటే, గుడ్డ మీద లాగుడు కూడా రెట్టింపు అవుతుంది. కుట్లు అంత మంచివి కావాలి.

ఇక గాలి. గంటకి 36 కిలోమీటర్ల గాలి చదరపు మీటరుకి సుమారు 6 కిలోల బరువుతో నెడుతుంది. 72 అయితే 12 కాదు, 24. అందుకే తాళ్లు. గొట్టం మధ్యలో ఒక తాడు కడితే స్పాన్ సగం, మూమెంట్ పావు. తాండూరులో మా ఫ్రెండ్ వాళ్ల చేను గట్టు మీద డేరా వేస్తుంటే మేకులు జానెడు కూడా దిగలేదు. వాళ్ల తాత నవ్వి, "కింద బండ ఉంది బిడ్డా, మీద బండలే పెట్టుండ్రి" అన్నాడు. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న తాండూరు బండ దాదాపు 25 కిలోలు. తాడుకొకటి కట్టాం.

"మనకి స్నో ఎక్కడిది?" అంటారేమో. 2023 మార్చిలో వికారాబాద్ జిల్లా మర్పల్లిలో వడగళ్లు పడి నేలంతా తెల్లబడిన వీడియోలు గుర్తున్నాయా? కొత్తగా పడ్డ మంచు 10 సెంటీమీటర్ల పొర చదరపు మీటరుకి 10 కిలోల దాకా ఉంటుంది. అదే మందం వడగళ్లు 50 కిలోలు దాటతాయి. వాలు ఎక్కువుంటే జారిపోతాయి. నడినెత్తిన చదునుగా ఉంటే అక్కడే గుంటపడి, ఆ గుంటలోకి ఇంకా చేరతాయి. అప్పుడు ఏ గొట్టమూ ఆగదు, డేరా వదిలి పక్కా కప్పు కిందికి పరిగెత్తడమే.

ఈ సంక్రాంతి సెలవుల్లో మళ్లీ వెళ్తున్నాం. పడుకునే ముందు ఇంకోసారి గాలి కొట్టాలని తీర్మానం అయ్యింది. పంపు ఎవరు మోయాలన్నదే ఇంకా తేలలేదు.