‘ఇగ్రీజస్’ అను ఆంగ్ల విశేషణము



నేడు నేను ప్రసంగింపబూనిన విషయము ఒక్క ఆంగ్ల పదము. గ్రామమున పెద్దలై, తెలుగు చక్కగా చదువనేర్చిన మాకు ఆంగ్ల విశేషణముతో ఏమి పని యని మీరడుగవచ్చును. పని కలదు. మీ పేర అధికారులకు పోవు అర్జీ, బదిలీయై పోవు ఉద్యోగికి సభలో సమర్పించు సన్మానపత్రము, న్యాయస్థానమునుండి వచ్చు తీర్పు, ఇవి పెక్కుసారులు ఆంగ్లముననే యుండును. వ్రాయువాడు పిన్నవాడు, చేవ్రాలు చేయువారు మీరు. అందలి పదము తప్పినచో మాట పడవలసినవారును మీరే. కావున అట్టి పత్రములలో కానవచ్చు బరువైన మాట నొకదానిని విచారింతము.

ఆ మాట ‘ఇగ్రీజస్’. పలుకునపుడు నడిమి భాగమును ఊది, దీర్ఘముగా పలుకవలెను.

ముందు దీని పుట్టుక. లాటిను భాషలో ‘గ్రెక్స్’ అనగా మంద. దానికి ముందు ‘వెలుపలికి’ అను అర్థమిచ్చు ఉపసర్గ చేరి ‘ఎగ్రేగియుస్’ అను విశేషణ మేర్పడినది. మందనుండి వేఱై నిలిచినది అని దాని యవయవార్థము. గొఱ్ఱెలకాపరి మేలైన పొట్టేలును మందలోనుండి ఏరి వేఱుగా నిలుపును గదా! రోమకులు ఆ పోలికతోనే పదిమందిలో శ్రేష్ఠుడైన వానిని ఈ మాటతో కొనియాడిరి. ఈ ‘మంద’ అను ధాతువునుండియే మఱికొన్ని ఆంగ్లపదములును పుట్టినవి. మీ మనుమల పరీక్షలో వచ్చిన మార్కుల మొత్తమును ‘అగ్రిగేట్’ అందురు. విడివిడిగా నున్నవానిని మందగా చేర్చుట యని భావము. ‘సెగ్రిగేషన్’ అనగా మందనుండి విడదీయుట. ‘కాంగ్రిగేషన్’ అనగా కూడిన సమూహము.

ఇంతవఱకు విన్నవారు ‘ఇగ్రీజస్’ అనగా శ్రేష్ఠమైన, విశిష్టమైన అని తలంతురు. అక్కడనే చిక్కు. నేటి ఆంగ్లమున దాని యర్థము అందుకు తలక్రిందులు. ‘చెడుగులో తక్కినవాని నన్నిటిని మించి కొట్టవచ్చినట్లు కనబడునది’ అని నేటి యర్థము. మందనుండి వేఱై నిలుచుట పోలేదు. మేలుచేత నిలుచుట పోయి కీడుచేత నిలుచుట వచ్చినది.

ఒకప్పుడు ఇంగ్లండులో రెండర్థములును సాగినవి. మార్లో అను నాటకకర్త తన తైమూరు నాటకపు రెండవ భాగమున ఒక రాజు తన సామంతులను గౌరవముతో సంబోధించుచోట ఈ మాటను వాడినాడు. ఆ నాటకము 1590లో అచ్చయినది. షేక్స్పియరు ‘సింబెలీన్’ అను నాటకమున, భార్యను చంపించితినని కుమిలిపోవు భర్త తన్ను తాను హంతకుడని నిందించుకొనుచు, ఆ హంతకపదమునకు ఈ మాటనే విశేషణముగా చేర్చుకొనినాడు. అది 1623లో అచ్చయినది. పిమ్మట మొదటి యర్థము క్రమముగా నశించి రెండవదే నిలిచినది. నిఘంటువులలో నేటికిని మంచి యర్థము కనబడును గాని, దాని ప్రక్కన అది ప్రాచీన ప్రయోగమను గుర్తుండును. ఆ గుర్తును చూడక అర్థమును మాత్రము చూచువాడే మోసపోవును.

స్తుతివాచకము నిందావాచక మెట్లైనది? ఎగతాళిచేత నైనదని పండితులు తలంచుచున్నారు. ఇది మనకు క్రొత్త కాదు. పైకి పొగడ్తవలె నుండి లోపల నింద దాచుకొన్న పలుకును మన ఆలంకారికులు వ్యాజస్తుతి యన్నారు. పిల్లవాడు పాలకుండ పగులగొట్టినపుడు తల్లి ‘ఎంత ఘనకార్యము చేసినావురా!’ అనును. ఘనమనగా గొప్పదే, కాని ఆ పిల్లవాడు దానిని మెప్పుగా నెంచునా? ఎగతాళి పదేపదే వాడబడినచో కొంతకాలమునకు అదియే అసలర్థమై కూర్చుండును.

మన భాషలోను మాటలు పెక్కు త్రోవలలో దిగజారినవి. ప్రాచీన కావ్యములలో ‘కంపు’ అనగా సుగంధము కూడ. నేడు పూలకంపు అన్నచో పెండ్లివారు కోపింతురు. ఛాందసుడనగా వేదము చదివినవాడు. నేడు లోకజ్ఞత లేనివాడు. కైంకర్యమనగా దేవునికి చేయు సేవ. సొమ్ము కైంకర్యము చేసినాడన్నచో మ్రింగివేసినాడని యర్థము.

అర్థము మాఱిన ఈ పదమే దేశమును బట్టి మాఱకయు నున్నది. ఇటలీ వారు నేటికిని మర్యాదగా వ్రాయు ఉత్తరము మొదట ‘ఎగ్రేజో’ అను మాట నుంచుదురు. మనవారు పూర్వము ‘మహారాజరాజశ్రీ’ అని వ్రాయుచుండినట్లే అది గౌరవసూచకము. ఒకే తల్లి బిడ్డలైన రెండు మాటలలో ఒకటి పీట మీదను, రెండవది బోను లోను నిలిచినవి! అవయవార్థమును యోగమనియు, లోకములో నాటుకొనిన యర్థమును రూఢి యనియు మన శాస్త్రకారులు చెప్పి, యోగముకంటె రూఢియే బలవత్తరమని నిర్ణయించినారు. వీణ వాయించుటలో నేర్పరి ప్రవీణుడు; కాని నేడు నాగలి దున్నుటలోను ప్రవీణుడు కలడు. పుట్టుక తెలియుట విద్యకు శోభ. వాడుక తెలియుట ప్రాణరక్ష.

ఇక వాడుక. పదమునకు తోడుగానున్న పదమును బట్టి అర్థమును నిర్ణయింపవలెనని భర్తృహరి సంప్రదాయము. లక్ష్మణునితో కూడ చెప్పిన రాముడు దశరథపుత్రుడు. కార్తవీర్యార్జునునితో కూడ చెప్పిన రాముడు పరశురాముడు. అట్లే ఈ విశేషణమునకు తోడుండునవి తప్పు, అన్యాయము, ఉల్లంఘనము, అబద్ధీకుడు అను జాతి పదములు. ‘ఇగ్రీజస్ ఎర్రర్’ అనగా ఎవరికైనను కంటబడవలసిన ఘోరమైన పొరపాటు. మంచిచెడ్డలు లేని ‘ఉదాహరణము’ అను పదమునకు దీనిని చేర్చినను, అది చెడ్డ ఉదాహరణమే యగును. కావున సన్మానపత్రమున ‘మీ ఇగ్రీజస్ సేవలు’ అని చదివినచో, పూలమాల వేసి చెంపదెబ్బ కొట్టినట్లగును. ‘డిస్టింగ్విష్డ్’ అనియో ‘ఎమినెంట్’ అనియో వ్రాయవలెను. ‘అవుట్‌స్టాండింగ్’ అన్నను సరియే. ఆ మాటకును వెలుపల నిలిచినది యనియే యర్థము. అయినను అది మంచిగానే నిలిచినది. ఐతే అప్పు విషయమున అదే మాటకు ఇంకను తీరని బాకీ యని యర్థమని మఱువరాదు.

దీనికి దాయాదులవంటి మాటలు రెండున్నవి. ‘నోటోరియస్’ అనగా చెడుపేరు లోకమంతట ప్రాకినది. ‘ఫ్లాగ్రెంట్’ అనగా వెఱపు లేక బాహాటముగా చేసినది. మండుట అను ధాతువునుండి పుట్టినది. ‘ఇగ్రీజస్’లో ముఖ్యము పేరును కాదు, బాహాటమును కాదు, తనజాతి తప్పులలో తలమిన్నగా నుండుట.

ఈ తారతమ్యము పండితుల వినోదము మాత్రము కాదు. ఒక వనస్పతి కర్మాగారపు కాంట్రాక్టు విషయమై ఉత్తరప్రదేశ్ కోఆపరేటివ్ ఫెడరేషనునకును, నిర్మాణము పూనిన సంస్థకును వివాదము పుట్టినది. బ్యాంకు ఇచ్చిన హామీ సొమ్మును ఫెడరేషను రాబట్టుకొనకుండ ఆపుమని ఆ సంస్థ కోరినది. 1987లో సర్వోన్నత న్యాయస్థానము అట్లు ఆపుటకు ఒప్పలేదు. మోసము జరిగినదన్న ఆరోపణ చాలదు. ఆ మోసము ‘ఇగ్రీజస్’ స్వభావము కలదై, వ్యవహారమునంతటిని చెఱచునదిగా నుండవలెనని తీర్పులో చెప్పబడినది. పిదప అట్టి వ్యాజ్యెములలో ఈ మాట ఒక కొలబద్ద యైనది. ఒక్క విశేషణము త్రాసులో నొక ప్రక్క, సొమ్మంతయు నొక ప్రక్క!

గ్రామమునకును ఇదియే నీతి. పొరుగువాడు గట్టును జానెడు త్రవ్వుకొనిన తప్పే. సంరక్షకుడై యుండి తండ్రిలేని బిడ్డ భూమిని దొంగపత్రముతో అమ్ముకొనినను తప్పే. రెంటిని ఒకే మాటతో చెప్పిన అర్జీ, మొదటివానికి అన్యాయము చేయును. రెండవవాని నేరమును తేలిక చేయును. పెద్ద మాటను చిన్న తప్పుపై వేసినవాడు, నిజముగా పెద్ద తప్పు వచ్చినపుడు మాట లేక నిలుచును. అధికారియు అట్టివాని అర్జీని నమ్మడు.

కావున క్రొత్త మాట ఎదురైనపుడు మూడు ప్రశ్నలు వేయుడు. దీని పుట్టుక యేమి? నేడు దీని వాడుక యేమి? ఇది ఎట్టి మాటల సహవాసమున నుండును? ఈ మూడింటికిని వ్రాసినవాడు సమాధానము చెప్పిన పిదపనే చేవ్రాలు చేయుడు. చెప్పలేనిచో ఆ మాటను కొట్టివేయించి, తేట తెలుగున విషయమును చెప్పి వ్రాయింపుడు. తెలిసిన చిన్న మాట తెలియని పెద్ద మాటకంటె మేలు.