పల్లేరు

రాయచోటి ప్రాంతమున వానలు తక్కువ. అచ్చటి బీళ్లలోను, బండిబాటల ప్రక్కలను పల్లేరు మొక్క నేలనంటి ప్రాకుచుండును. దాని పూవు పసుపుపచ్చనిది, రేకులు అయిదు. కాయ ఎండినపుడు అయిదు ముక్కలుగా విడిపోవును. ప్రతి ముక్కకును గట్టి ముండ్లుండును. ఇవి కాపరుల పాదములను, పశువుల గిట్టలను గ్రుచ్చుకొని బాధించును. విత్తనము దూరప్రదేశములకు ప్రయాణము చేయుటయు ఈ ముండ్ల సాయముననే.

రైతు కలుపుగా పెరికివేయు ఈ మొక్కను వైద్యులు ఆదరించిరి. ఆయుర్వేదమున దీని పేరు గోక్షురము. ఇది దశమూలములలో నొకటి. మూత్రము కష్టముగా వెడలు వ్యాధిలో దీని కషాయమునిత్తురు. గోక్షురాది గుగ్గులువునందు ఇదియే ముఖ్యద్రవ్యము.

చైనా దేశమున దీనిని 'జీలీ' యందురు. షెన్నోంగ్ పేరిట వెలసిన ప్రాచీన ఓషధిగ్రంథమునందును, లీ షిజెన్ రచించగా 1596లో ముద్రితమైన మహాగ్రంథమునందును ఇది కలదు. అచ్చటి వైద్యులు కాయలను వేయించి, ముండ్లు రాల్చి, తలనొప్పికి, కండ్ల ఎఱ్ఱదనమునకు, దురదకు వాడుదురు. కన్నులకును కాలేయమునకును సంబంధము కలదనియు, పల్లేరు కాలేయమును శాంతింపజేయుననియు వారి మతము.

అయితే ఈ మొక్కయే కాలేయమును చెడగొట్టుటయు కలదు. దక్షిణాఫ్రికాలోని కరూ అను మెట్టసీమలో పల్లేరు మేసిన గొఱ్ఱెలకు ఒక వ్యాధి వచ్చును. మొక్కలోని కొన్ని పదార్థముల వలన పిత్తనాళములలో స్ఫటికము లేర్పడి, పిత్తమునకు దారి మూసికొనిపోవును. మేతలోని పచ్చదనము జీర్ణమైనపుడు పుట్టు వస్తువొకటి పిత్తముతో వెలుపలికి పోవలసినది, రక్తములో నిలిచిపోవును. అప్పుడు ఎండ తగిలిన చోట చర్మము మండి, గొఱ్ఱె తల వాచి, పసుపువన్నె తిరుగును. వెంటనే నీడకు చేర్చి, ఆ మేత మాన్పింపవలెను. గొఱ్ఱెల మందలతో జీవించు మన సీమవారు దీనిని తప్పక తెలిసికొనవలెను.

మఱియొక జాగ్రత్తయు అవసరము. ఏనుగుపల్లేరు అను వేఱొక మొక్క కలదు. దాని కాయ పెద్దది. నాలుగు మూలలను నాలుగు ముండ్లుండును. ఆ మొక్కను నీటిలో కలియబెట్టినచో నీరు జిగటగా మారును. పేరు పోలికచే ఒకదానికి బదులు ఒకటి అంగళ్లలో చేరుచుండును.

కావున మొక్కను గుర్తించుట, వాడదగిన భాగమును, మోతాదును ఎఱుగుట వైద్యునకు విధి. తెలిసినవారిని అడుగక మందు మ్రింగకుండుట మన విధి. కాలిక్రింది ముల్లు ఔషధమైనది వాడిన మాత్రమున కాదు, పరీక్షించి వాడుటవలననే.