బోరుబావియందు రాయి పగులు విధము
కామారెడ్డి, యెల్లారెడ్డి ప్రాంతముల భూములక్రింద గ్రానైటు రాయి విశేషముగా కలదు. ఈ రాయి నొక్కుడునకు మిక్కిలి ఓర్చును గాని, సాగదీయు బలమునకు అందులో సుమారు పదియవవంతో, అంతకు తక్కువో ఓర్చును. యంత్రపు దెబ్బకు, బిట్టు మొగమున పొదిగిన టంగ్‌స్టన్ కార్బైడు గుండ్లక్రింది రాయి పిండియై ప్రక్కలకు ఒత్తును; అందుచే పగుళ్లు పుట్టి, ఒకదానితో నొకటి కలిసి, పెచ్చులు లేచును. గాలి వానిని వెంటనే పైకి తోయవలెను. లేనిచో తరువాతి దెబ్బలు పిండిని నూరుటకే వ్యర్థమగును. అంచుగుండ్లు అరిగినకొలది రంధ్రము సన్నబడి మోటారు దిగదు. కావున రైతులు పనికి ముందును, పిమ్మటను బిట్టు వెడల్పును కొలిపించవలెను. నీరు రాతిలోని సహజమైన పగుళ్లయందే యుండును; పగులులేని రాతిని ఎంత తొలిచినను నీరు పడదు, వ్యయము మాత్రము అడుగుల లెక్కన పెరుగును.