కట్లపాము కరిస్తే ఊపిరి ఎందుకు ఆగుతది?

చర్ల, దుమ్ముగూడెం దిక్కు వానకాలం రాత్రి నేల మీద పండుకున్నోళ్లకు కట్లపాముతోని గండం. నాగుపాము కరిస్తే నొప్పి, వాపు ఉంటది. ఇది కరిస్తే చానాసార్లు తెల్వనే తెల్వదు, గాటు కూడా సరిగ్గ కనవడదు. తెల్లారేసరికి కడుపునొప్పి, రెప్పలు వాలుడు, మాట ముద్దగ వచ్చుడు. ఆ తర్వాత ఊపిరి ఆగుడు. లోపల ఏం జరుగుతదో తెలిస్తే, మంత్రం కాడ కూసోవాల్నా ఆస్పత్రికి ఉరకాల్నా మనకే అర్థమైతది.

నరం కొసకు, కండరానికి నడుమ సన్నటి సందు ఉంటది. ఆ సందు దాటి కబురు మోసేది ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం. నరం దాన్ని బుల్లి సంచుల్ల నింపి పెట్టుకుంటది. ఒక్కో సంచి మిల్లీమీటర్ల సుమారు 20 వేల వంతు. మెదడు నుంచి కబురు రాంగనే కొసలకు కాల్షియం జొరబడతది, సంచులు అంచు పొరకు అతుక్కొని విచ్చుకుంటయి. రసాయనం సందుల పడతది, కండరం కదులుతది.

ఖాళీ సంచిని నరం పారెయ్యదు. వడ్ల కాంటా కాడ చూసిందే కదా, గోనె సంచులు మళ్ల రాకుంటే కాంటా ఆగుతది. ఇక్కడా అంతే. పొరల కలిసిన సంచిని క్లాథ్రిన్ అనే ప్రోటీన్ అల్లికలెక్క చుట్టి లోపలికి గుంజుతది. అది మళ్ల సంచి అయి, మళ్ల నిండుతది. ఈ తిరుగుడును 1973ల హ్యూజర్, రీస్ కప్ప నరాల మీద చూపెట్టిన్రు.

కట్లపాము విషం కొట్టేది ఈ తిరుగుడునే. దాని జాతికి శాస్త్రం పెట్టిన పేరు 'బంగారస్', మన తెలుగు 'బంగారు' నుంచి పోయిందే. అందులని బీటా బంగారోటాక్సిన్ రకం విషం నరం కొస పొరను పాడుచేస్తది. ఉన్న సంచులు ఖాళీ అయితయి, కొత్తవి తయారు కావు. ఊపిరి తీసే కండరాలకు కబురు అందదు.

విరుగుడు సూది ఒంట్ల తిరిగే విషాన్ని పట్టుకుంటది గని, పాడైన కొసను బాగుచెయ్యదు. అందుకే తొందరగ పడాలె. కొస మళ్ల చిగురించనీకి రోజులు, ఒక్కోసారి వారాలు పడతది. అప్పటిదాక వెంటిలేటరే ఊపిరి. కదలకున్నా మనిషి లోపల తెలివితోనే ఉండొచ్చు. పోయిండని వదిలెయ్యొద్దు.

కోసుడు, బిగించి కట్టుడు, పసరు పోసుడు వద్దు, 108కు ఫోన్ చెయ్యాలె. మంచం మీద, దోమతెర అంచులు పరుపు కిందికి దోపి పండుకోవాలె. ఇంక మన పీహెచ్‌సీల విరుగుడు సూది ఉన్నదా, వెంటిలేటర్ దాక తీస్కపోయే బండి ఉన్నదా అని గ్రామసభల, ఐటీడీఏల అడగాలె తమ్ముళ్లారా, చెల్లెళ్లారా. వానలు పడకముందే అడగాలె.